ఆరో కొబ్బరి చెట్టు దగ్గర ఆగే కారు

దాళ్వా కోతల రోజుల్లో కోనసీమ కాలువ గట్టు రోడ్ల మీద సగం దారి ధాన్యానిదే. మలుపు తిరగగానే ఎదురుగా ఆరబోసిన వడ్లు. కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. ఆ రోడ్డు మీద అంత వేగం తప్పే. లెక్క సుళువవుతుందని తీసుకున్నాను. అంటే సెకనుకు 20 మీటర్లు. బ్రేకు ఆ వేగాన్ని సెకను సెకనుకూ 5 మీటర్ల చొప్పున కోస్తుందనుకుంటే 4 సెకన్లలో కారు నిలుస్తుంది. సగటు వేగం 10 కాబట్టి ఈలోగా సాగే దూరం 40 మీటర్లు.

మరి అందులో సగం దూరం పోయేసరికి వేగం ఎంత? సగమేగా, 36 అంటారు చాలామంది. కాదు, 51!

గట్టు పక్క కొబ్బరి చెట్లనే కొలబద్దగా తీసుకుందాం. వాటిని సుమారు 8 మీటర్ల ఎడంతో నాటుతారు. మొదటి చెట్టు దగ్గర బ్రేకు తొక్కితే రెండో చెట్టు దగ్గర వేగం 64, మూడో దగ్గర 56, తర్వాత 46, 32. ఆరో చెట్టు దగ్గర సున్నా. మొదటి ఎడంలో తగ్గింది 8 కిలోమీటర్లే, చివరి ఎడంలో ఏకంగా 32.

బ్రేకు మింగేది కారు చలన శక్తిని. అది వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మీటరు మీటరుకూ సమానంగా కరిగేది ఆ వర్గమే. 20 మీటర్ల దగ్గర 400 − 2×5×20 = 200; దాని వర్గమూలం సెకనుకు 14.1 మీటర్లు. గడియారం వైపు నుంచి చూస్తే వరుస సెకన్లలో కారు సాగేది 17.5, 12.5, 7.5, 2.5 మీటర్లు, అంటే 7, 5, 3, 1 నిష్పత్తిలో. పడే వస్తువుల గురించి గెలీలియో 1638లో ప్రచురించిన బేసి సంఖ్యల వరుసే ఇది, తలకిందులుగా.

నాకు అన్నిటికంటే భయం వేసే లెక్క మరొకటి. అదే చోట, అదే బ్రేకు, కానీ వేగం 90. ఆరో చెట్టు దగ్గర ఈ కారు ఇంకా 54తో దూసుకుపోతుంటుంది. మొదట్లో 18 ఉన్న తేడా అక్కడికి మూడింతలైంది.

టైర్ల కింద గింజలు దొర్లి ఆ 5 కాస్తా 2.5కు పడిపోతే 72 వేగానికే 80 మీటర్లు కావాలి. పైగా కాలు బ్రేకు మీదికి చేరేలోపు ఒక్క సెకను గడిచినా మరో 20 మీటర్లు, అంటే రెండున్నర ఎడాలు. వాటిలో వేగం పిసరంత కూడా తగ్గదు.