43.2 ఫ్రేములకు ఒక చుట్టు

ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. 1929లో అమెరికాలో విడుదలైన ‘ది కింగ్ ఆఫ్ ది కాంగో’ అనే సీరియల్ చిత్రం (హాళ్లలో భాగాలు భాగాలుగా ఆడే సినిమా) పోయి దొరికిందని ఆయన ఒకచోట చదివారు. అదే సీరియల్ మూకీ ప్రింట్లు ఎప్పటినుంచో ఉన్నాయని మరోచోట చదివారు. “దగ్గర ఉన్నది పోవడమేమిటి, దాన్ని మళ్లీ కనిపెట్టడమేమిటి?” అని ఆయన సందేహం. సందేహం న్యాయమైనదే. పోయినది బొమ్మ కాదు, గొంతు. ఆ గొంతు బొమ్మతో కలిసి ఒకే చోట ఎన్నడూ లేదు.

మాస్కట్ సంస్థ కోసం నాట్ లెవిన్ నిర్మించగా రిచర్డ్ థోర్ప్ దర్శకత్వం వహించిన ఈ సీరియల్‌లో పది భాగాలున్నాయి. వాల్టర్ మిల్లర్, జాక్వెలిన్ లోగన్ నాయికానాయకులు. ఫ్రాంకెన్‌స్టైన్ భూతంగా పేరు రావడానికి ఇంకా రెండేళ్లున్న బోరిస్ కార్లాఫ్ కూడా ఇందులో ఉన్నాడు. అడవి, శిథిలాలయం, గొరిల్లా, దంతాల దొంగలు ఉన్న కథ గురించి ఇంతకు మించి చెప్పనక్కరలేదు. శబ్దంతో వచ్చిన మొట్టమొదటి సీరియల్‌గా దీన్ని లెక్కిస్తారు. టాకీ యంత్రాలు లేని హాళ్లు అప్పటికి చాలా ఉండటం వల్ల దీన్ని మూకీగా కూడా విడుదల చేశారు. శబ్ద రూపంలో సంగీతమూ, అక్కడక్కడ సంభాషణలూ ఉండేవి. అవి ఫిల్ము అంచున కాక, విడిగా గ్రామఫోన్ రికార్డుల మీద ఉండేవి.

ఈ పద్ధతిలోని లెక్క నన్ను ఎప్పటినుంచో పట్టుకుని వదలడం లేదు. వెయ్యి అడుగుల రీలు నిమిషానికి 90 అడుగుల చొప్పున నడిస్తే 11 నిమిషాలు వస్తుంది. అప్పటి ఇళ్లలో ఉన్న, నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు ఒక వైపున నాలుగైదు నిమిషాలకు మించి పలకదు. అందుకని ఇంజనీర్లు రికార్డును 16 అంగుళాల వెడల్పుకు పెంచి, వేగాన్ని నిమిషానికి 33⅓ చుట్లకు తగ్గించారు. తర్వాత 1948లో ఎల్పీ రికార్డుకు వచ్చిన వేగం ఇదే. 11 నిమిషాలకు సుమారు 367 చుట్లు అవుతాయి. ముల్లు నడిచే గాడిని అంగుళానికి దాదాపు 90 చుట్ల చొప్పున పట్టిస్తే ఆ చుట్లన్నీ నాలుగు అంగుళాల మేర సర్దుకుంటాయి. ఆ గాడిని చుట్ట విప్పి నేల మీద పరిచామనుకుందాం. సగటు చుట్టు వ్యాసార్ధం ఆరు అంగుళాలుగా తీసుకుంటే పొడవు సుమారు 1,150 అడుగులు తేలుతుంది. వెయ్యి అడుగుల బొమ్మకు ఇంచుమించు అంతే పొడవున్న గొంతు అన్నమాట.

ఇక అసలు సంఖ్యకు వద్దాం. ఒక చుట్టుకు పట్టే కాలం 1.8 సెకన్లు. ఫ్రేమంటే ఫిల్ము మీది ఒక్క బొమ్మ. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున అంతలో 43.2 ఫ్రేములు కదులుతాయి. అంటే ఒక్క ఫ్రేము ముందుకు జరిగేలోగా రికార్డు 8⅓ డిగ్రీలు తిరుగుతుంది. గడియారం ముఖం మీద ఒక నిమిషం గీతకూ తర్వాతి గీతకూ ఉన్న ఎడం కంటే ఇది కొంచెం ఎక్కువ. ప్రొజెక్టరునూ రికార్డు పళ్లాన్నీ ఒకే మోటారుకు బిగించడం వల్ల ఈ నిష్పత్తి చెదిరేది కాదు. ఆపరేటరు చేయవలసిందల్లా ఫిల్ము మొదట్లో గుర్తు వేసిన ఫ్రేమును ప్రొజెక్టరులో వెలుగు పడే గేటు ముందు నిలిపి, రికార్డు మీద బాణం గుర్తు దగ్గర ముల్లు పెట్టడమే. ముల్లు లోపలి గాడి నుంచి మొదలై బయటి అంచుకు పోయేది. కారణం చక్కనిది: లోపలి చుట్టు పొట్టిది గనుక అక్కడ గాడి ముల్లు కింద నెమ్మదిగా నడిచి, అలలు ఇరుకుగా పడతాయి, వాటిని చదవడానికి పదునైన కొత్త ముల్లు కావాలి. ముల్లు అరిగే సరికి అది బయటి వెడల్పు చుట్లకు చేరుతుంది. ప్రతి ప్రదర్శనకూ ముల్లు మార్చాలి. రికార్డు లేబులు మీద గళ్లు ముద్రించి ఉండేవి, వేసిన ప్రతిసారీ ఒక గడి కొట్టేయాలి. ఇరవై సార్లో మరికొన్ని సార్లో అయ్యాక రికార్డును పారేసి కొత్తది తెప్పించుకోవాలి.

అసలు కష్టం ఫిల్ము తెగినప్పుడు వచ్చేది. మూకీ రోజుల్లో ఆపరేటరు పాడైన నాలుగు ఫ్రేములు కత్తిరించి అతుకు వేస్తే ఎవరికీ తెలిసేది కాదు. ఇక్కడ మాత్రం ఆ నాలుగు ఫ్రేముల తర్వాత వచ్చే మాటలన్నీ ఆరో వంతు సెకను వెనకబడతాయి. పది అతుకులకు తలా నాలుగు ఫ్రేములు పోతే ముల్లు దాదాపు ఒక పూర్తి చుట్టు వెనక ఉంటుంది, అప్పటికి నాయకుడి మాట గొరిల్లా నోట్లోంచి వచ్చినా రావచ్చు. అందుకే పోయిన ఫ్రేములెన్నో లెక్కపెట్టి అన్ని నల్ల ఫ్రేములు అతకాలి. మన చెవి ఎంత తేడాను సహిస్తుందో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రమాణంగా రాసిపెట్టింది. శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనకు తెలిసిపోతుంది, వెనకబడితే మాత్రం 125 మిల్లీసెకన్ల దాకా తెలియదు. ఫ్రేముల్లో చెబితే ముందుకు ఒకటి, వెనక్కు మూడు. ఈ పక్షపాతం ఎందుకో చాకిరేవు తెలిసినవారికి చెప్పనక్కరలేదు. అవతలి గట్టున బండ మీద గుడ్డ పడటం ముందు కనిపిస్తుంది, దెబ్బ తర్వాత వినిపిస్తుంది. లోకంలో శబ్దం వెలుగు కంటే ముందు రావడమన్నది లేదు గనుక దాన్ని మన మెదడు ఒప్పుకోదు.

ఇప్పుడు పోవడం సంగతి. ఫిల్ము సెల్యులోజ్ నైట్రేటు, గన్‌కాటన్ అనే పేలుడు పదార్థానికి దగ్గరి చుట్టం. మండటానికి కావలసిన ఆక్సిజన్ దాని అణువులోనే ఉండటం వల్ల నీళ్లలో ముంచినా మండుతూనే ఉంటుంది. నిప్పు తగలకపోయినా ఏళ్ల మీద దానంతట అదే ఆమ్లాన్ని విడుస్తూ మొదట జిగురై, చివరికి గోధుమరంగు పొడి అవుతుంది. రికార్డు ప్రధానంగా లక్క, రాతిపొడి. ఆ రోజుల్లో ప్రపంచానికి లక్క ఎక్కువగా పంపినది చోటానాగ్‌పూర్ అడవులున్న మన దేశమే. హైదరాబాదు లాడ్‌బజారు గాజులకు వాడేదీ, ఆ హాలీవుడ్ గొంతును మోసినదీ ఒకే పురుగు స్రవించిన పదార్థం. పాండవుల లక్క ఇల్లు విన్న చెవులకు లక్కే ప్రమాదమనిపిస్తుంది గానీ, ఇక్కడ అసలు లక్క ఇల్లు ఫిల్మే. రికార్డుకు నిప్పు భయం కంటే చేతి భయం ఎక్కువ. జారితే పగులుతుంది, స్పిరిటుతో తుడిస్తే కరిగిపోతుంది.

భాగానికి రెండు రీళ్లు, రీలుకో రికార్డు అనుకుంటే పది భాగాలకు ఇంచుమించు ఇరవై రికార్డులు. ఒక్కొక్కటి బతికే అవకాశం సగానికి సగం అని ఉదారంగా లెక్కేసినా, ఇరవయ్యీ కలిసి బతికే అవకాశం పది లక్షల్లో ఒకటి. ఈ సీరియల్ రికార్డులు సేకర్తల దగ్గర విడివిడిగా బయటపడటంలో వింత లేదు. ఇలాంటి రికార్డుల ఆచూకీ తీసి, ఎక్కడెక్కడో ఉన్న వాటి ఫిల్ములతో జత కలపడానికే 1991లో విటాఫోన్ ప్రాజెక్టు అనే బృందం ఏర్పడింది.

జత దొరికాక చేసే పని వర్ణమాలలో ఉంది. ప, ఫ, బ, భ, మ పలకాలంటే పెదవులు మూయాలి. బడిలో ఓష్ఠ్యాలని వల్లె వేయించి వదిలేసే ఈ సంగతిని, పెదవుల మీద వేలు పెట్టించి చెబితే పిల్లలు జన్మలో మరచిపోరు. ఈ విషయంలో ఇంగ్లీషు పెదవులూ అంతే. పకారానికి ముందు గొంతు సుమారు పదో వంతు సెకను ఆగుతుంది, అంటే రెండు మూడు ఫ్రేములు పెదవులు మూసి ఉంటాయి. విడివడిన ఫ్రేము మీదే ఆ చిన్న పేలుడు పడాలి. ఇలాంటి రెండు చోట్లను రికార్డులో గుర్తించి, వాటి మధ్య సరిగ్గా పది సెకన్లు ఉందని కొలిచామనుకుందాం. ఫిల్ములో ఆ రెండు పెదవుల మధ్య 240 ఫ్రేములు ఉండాలి. లెక్కిస్తే 233 తేలితే ఏడు పోయినట్టు. ఎప్పుడో పేరు తెలియని ఊళ్లో ఏ ఆపరేటరో కత్తిరించిన ముక్క ఎంతో రికార్డు ఇలా చెప్పేస్తుంది. ఆ ఏడూ ఎక్కడ పోయాయో మాత్రం అతుకు గీత చూసి పట్టుకోవాలి. చేతిలో ఉన్నది మూకీ రూపపు ప్రింటైతే చిక్కు ఇంకా పెద్దది. మాటలు ఉండవలసిన చోట టైటిల్ కార్డులు నిలబడి ఉంటే కొలవడానికి పెదవులే ఉండవు.

అదే పాఠకుడు ఉత్తరం చివర మరో ప్రశ్న అడిగారు: మన ‘ఆలం ఆరా’ కూడా ఇలా ముక్కలుగా దొరకవచ్చా? 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ హాలులో విడుదలైన ఆ తొలి భారతీయ టాకీకి గానీ, తెలుగువారి 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’కు గానీ తెలిసిన ప్రింటు లేదు. ‘ఆలం ఆరా’ను టనార్ యంత్రంతో తీశారు. అందులో శబ్దం బొమ్మ పక్కనే ఫిల్ము మీద అచ్చయ్యేది. తెగినా బొమ్మా మాటా కలిసే తెగుతాయి గనుక అక్కడ ఆపరేటరుకు ఫ్రేములు లెక్కపెట్టే పని లేదు. విడిగా దొరకడానికి రికార్డూ లేదు.