ఆనకట్ట ఒకచోట, తవ్వకం ఇంకోచోట: వదాస్ గొడవ అసలెక్కడ మొదలైంది?

ఇండోనేషియాలో 'జాతీయ వ్యూహాత్మక ప్రాజెక్టు' పేరుతో ఎక్కడ భూములు తీసుకుని గొడవైనా వదాస్ అనే ఊరి పేరు మళ్లీ బయటికొస్తుంది. రేంపాంగ్ దీవి అయినా, పాపువాలోని మెరౌకె అయినా అంతే. రెండు పక్షాలూ ఆ ఊరినే సాక్ష్యంగా పిలుస్తాయి. "చివరికి అందరూ డబ్బు తీసుకున్నారుగా, ఇంకేం గొడవ?" అని ఒక పక్షం అడుగుతుంది. రెండో పక్షం 2022 ఫిబ్రవరి 8న పోలీసులు ఆ ఊరివాళ్లను పట్టుకుపోయిన వీడియోలు మళ్లీ షేర్ చేస్తుంది.

జావాలో భూమి గొడవ అనగానే డచ్చివాళ్ల తోటలతో మొదలుపెట్టి, 1960 భూమి చట్టం మీదుగా, అధ్యక్షుడు సుహార్తో కాలం దాటుకుని రావడం ఆనవాయితీ. అదంతా చాలామంది రాశారు, వదిలేద్దాం. ఈ ఊరికి ఏమైందో తెలియాలంటే ఒక ఆనకట్ట కోసం భూములు నిర్ణయించిన 2018 జూన్ నాటి ఒక్క ఆదేశం చూస్తే చాలు. కాకపోతే అందరికీ గుర్తున్నది 2022 కాబట్టి ముందు ఆ రోజు సంగతి.

మధ్య జావాలోని పుర్వోరెజో జిల్లాలో, బెనెర్ మండలంలో కొండవాలు మీద ఉంటుంది వదాస్. ఆ ఉదయం, ఆనకట్టకు రాయి తవ్వాల్సిన భూమిని కొలిచే అధికారులు వచ్చారు. వాళ్లకు కాపలాగా, పోలీసుల లెక్క ప్రకారమే, 250 మంది వచ్చారు. ఊరివాళ్లు కొందరు మసీదులో ప్రార్థనలో ఉన్నారు. సాయంత్రానికి అరవై మందికి పైగా పోలీసుల అదుపులో ఉన్నారు, మర్నాడు వదిలేశారు. పదునైన ఆయుధాలు దొరికాయని పోలీసులు చెప్పారు. అవి వెదురు చీల్చుకునే కత్తులు, కొడవళ్లని ఊరివాళ్లు చెప్పారు.

ఈ కత్తుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వదాస్ ఆడవాళ్లు 'వాదోన్ వదాస్' అని ఒక సంఘం పెట్టుకున్నారు. జావా భాషలో వాదోన్ అంటే ఆడమనిషి. ఊరి దారిలో కాపలా గుడిసెలు వేసుకుని, వంతులవారీగా అక్కడ కూర్చునేవాళ్లు. ఖాళీగా కాదు, బెసెక్‌లు అల్లుతూ. బెసెక్ అంటే మూత ఉన్న చిన్న వెదురు పెట్టె. జావాలో పెళ్లికైనా, చావు తర్వాతి ప్రార్థనలకైనా భోజనం అందులో కట్టి ఇంటికి పంపడం ఆనవాయితీ. వెదురును సన్నటి బద్దలుగా చీల్చాలంటే చేతిలో కత్తి ఉండాల్సిందే. ఆ కత్తి పోలీసు ఫొటోలో ఆయుధం, గుడిసెలో కూర్చున్న మనిషికి కూలి గిట్టించే పనిముట్టు.

ఫిబ్రవరి 9న అప్పటి మధ్య జావా గవర్నర్ గంజర్ ప్రణోవో పుర్వోరెజో వచ్చి క్షమాపణ చెప్పారు, బాధ్యత తనదేనన్నారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ విచారణ జరిపి, పోలీసులు అవసరానికి మించి బలం వాడారని తేల్చింది. అయినా కొలతలు ఆగలేదు.

ఫిబ్రవరి 8తో మొదలుపెడితే ఇది పోలీసు దౌర్జన్యం కథగానే మిగిలిపోతుంది. క్షమాపణతో ముగిసిపోతుంది కూడా. అసలు ముడి పడింది 2018 జూన్ 7న. బెనెర్ ఆనకట్ట కోసం ఏయే భూములు కావాలో నిర్ణయిస్తూ గవర్నర్ ఆదేశం ఇచ్చింది ఆ రోజే.

బొగొవొంతో నది మీద 150 మీటర్లకు మించిన ఎత్తుతో తలపెట్టిన ఆనకట్ట ఇది. సాగునీరు, తాగునీరు, కొంత కరెంటు, కులోన్ ప్రోగోలో కట్టిన కొత్త యోగ్యకర్త విమానాశ్రయానికి నీళ్లు, ఇవీ ప్రభుత్వం చెప్పే లాభాలు. వాటిని ఊరివాళ్లు కాదనలేదు. మొదటి నుంచీ వాళ్ల మాట ఒక్కటే: ఆనకట్ట కట్టుకోండి, మా కొండ తవ్వొద్దు. ఎందుకంటే వదాస్ నీటిలో మునిగే ఊరు కాదు. ఆనకట్ట కడుతున్నది పది కిలోమీటర్ల అవతల. అయితే అది రాతిని పోసి లేపే రకం. దానికి కావాల్సిన యాండెసైట్ అనే గట్టి రాయి వదాస్ కొండలో ఉంది. 1.5 కోట్ల ఘనపు మీటర్లకు పైగా రాయి, వంద హెక్టార్లకు పైగా క్వారీ, పేలుళ్లు. జావా భాషలో వదాస్ అన్న మాటకు అర్థమే గట్టి రాతినేల.

2018 ఆదేశం చేసిందల్లా ఆనకట్టకు మునిగే భూమినీ, రాయి తవ్వే భూమినీ ఒకే జాబితాలో పెట్టడం. చూడ్డానికి గుమాస్తా పనిలా కనిపిస్తుంది. ఫలితం మాత్రం అలా లేదు. ఇండోనేషియా 2012 భూసేకరణ చట్టంలో ప్రజా ప్రయోజనం కిందికి వచ్చే పనుల పట్టిక ఉంది. రోడ్లు, రైల్వేలు, ఆస్పత్రులు, ఆనకట్టలు అందులో ఉన్నాయి. రాతి క్వారీ లేదు. క్వారీని విడిగా పెడితే గని అనుమతి తెచ్చుకోవాలి, భూమిని యజమాని ఇష్టపడితేనే కొనాలి, అమ్మనంటే మాట అక్కడితో ఆగాలి. ఆనకట్టతో కలిపేస్తే 'అమ్మను' అనే మాటకే చోటు లేదు. మిగిలేది రేటు బేరమే. దీనికి ప్రత్యేక గని అనుమతి అక్కర్లేదని 2021 జులైలో కేంద్ర గనుల శాఖ లేఖ కూడా ఇచ్చింది.

ఆదేశానికి ముందు గ్రామస్థులతో సంప్రదింపులు జరిగాయని ప్రభుత్వం చెబుతుంది. సమావేశానికి వచ్చామని హాజరు పట్టీలో పెట్టిన సంతకాలనే ఒప్పుకున్నట్టు లెక్కేశారని ఊరివాళ్ల ఆరోపణ. గ్రామసభల సంతకాల సంగతి తెలిసినవాళ్లకు ఇదేమంత వింతగా తోచదు. క్వారీని వ్యతిరేకిస్తూ ఊళ్లో 'గెంపాదేవా' అనే సంఘం పుట్టింది అప్పుడే.

2012 చట్టంలో అప్పటికున్న నిబంధన ప్రకారం ఇలాంటి ఆదేశానికి కాలపరిమితి రెండేళ్లు, పొడిగింపు ఇంకో ఏడాది. కోర్టుకెళ్లాలంటే ఆదేశం వెలువడ్డాక 30 పనిదినాల్లోనే. 2018 ఆదేశం మీద ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. పొడిగింపు కూడా ముగుస్తుండగా 2021 జూన్‌లో గవర్నర్ మళ్లీ 'పునరుద్ధరణ' ఆదేశం ఇచ్చారు. గడువు తీరితే ప్రక్రియ మొదటి నుంచి, అంటే ఊరివాళ్ల సంప్రదింపుల నుంచి, మళ్లీ జరగాలని ఊరివాళ్ల లాయర్ల వాదన. సెమరాంగ్ పరిపాలనా కోర్టు ఆగస్టు 30న దాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టు నవంబర్‌లో అదే మాట చెప్పింది. 2022 ఫిబ్రవరిలో కొలతల బృందం వచ్చింది ఆ తీర్పుల బలంతోనే.

ఈ మధ్యలో 2021 ఏప్రిల్ 23 ఉంది. ఆ రోజు దారికి అడ్డంగా దుంగలు వేసి, ముందు వరుసలో ఆడవాళ్లు ప్రార్థన చదువుతూ కూర్చుంటే పోలీసులు బాష్పవాయువు వదిలారు. లాయర్లతో సహా పది మందికి పైగా పట్టుకుపోయారు. అంటే 2022లో ఏం జరగొచ్చో పది నెలల ముందే కనిపించింది.

భూమి ఇచ్చినవాళ్ల వైపు కూడా చెప్పాలి. వాళ్లు తక్కువమందేం కాదు. పరిహారం బిలియన్ రుపియాలు దాటినవాళ్లు ఉన్నారు. ఒక బిలియన్ అంటే అప్పటి మారకంలో మన 50 లక్షల రూపాయల పైచిలుకు. పేపర్లు వాళ్లను 'కోటీశ్వరుల ఊరు' అన్నాయి. పిల్లల చదువుకు, వేరేచోట పొలానికి ఆ డబ్బు పనికొస్తుందని వాళ్లు లెక్కేసుకున్నారు. అందులో తప్పేం లేదు.

కానీ ఇవ్వనన్నవాళ్ల లెక్క వేరు. వదాస్‌లో ఉన్నది వరిమడి కాదు, తోట. ఒకే నేల చెక్కలో దురియన్ పండ్ల చెట్లు, కొబ్బరి, కాఫీ, లవంగం, వెనీలా, మన పచారీ కొట్టులో కొనే చలవమిరియాల తీగ కూడా. మన జీలుగును పోలిన అరెన్ చెట్టు నుంచి రోజూ నీరా దించి బెల్లం కాస్తారు. బెల్లం వారం ఖర్చులకు, దురియన్ ఏడాది ఖర్చులకు, కలప చెట్టు కూతురి పెళ్లికి. గింజ నుంచి పెంచిన దురియన్ కాపుకి రావడానికే ఏళ్లు పడుతుంది. కొలతల బృందం చెట్టుచెట్టుకీ లెక్క రాసి ధర కట్టింది, నిజమే. ఆ తోటకి నీళ్లిచ్చే ఊటలు మాత్రం ఎవరి పట్టాలోనూ లేవు కాబట్టి ఏ చెక్కులోనూ రాలేదు. పైగా బెనెర్ మండలం కొండచరియలు విరిగిపడే ప్రాంతమని జిల్లా భూవినియోగ ప్రణాళికలోనే ఉంది. కొండను పేలిస్తే కింద ఇళ్లేం కావాలన్న ప్రశ్న క్వారీకి భూమి అమ్మనివాళ్లకే కాదు, అమ్మిన పక్కింటివాళ్లకూ ఉంటుంది.

2023 నాటికి మిగిలిన కొద్దిమంది కూడా ఒప్పుకున్నారు. "అందరూ తీసుకున్నారుగా" అనే వాదన నిలబడేది దీనిమీదే. అయితే అప్పుడు వాళ్ల ముందున్న దారేంటో చూడాలి. చట్టంలో 'కొన్సిన్యాసి' అని ఒక ఏర్పాటుంది. యజమాని పరిహారం వద్దంటే ఆ సొమ్మును జిల్లా కోర్టులో జమ చేస్తారు. జమ అయిన క్షణం నుంచి భూమి మీద అతని హక్కు పోతుంది, డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా. అంటే వాళ్లు చివర్లో ఎంచుకున్నది భూమికీ డబ్బుకీ మధ్య కాదు, డబ్బు చేతికి రావడానికీ కోర్టులో మూలగడానికీ మధ్య.

గంజర్ 2024 ఫిబ్రవరిలో అధ్యక్ష పదవికి పోటీ చేశారు. ప్రచారమంతా వదాస్ వెంటాడింది. ముగ్గురిలో మూడో స్థానంలో మిగిలారు, దానికి వదాసే కారణమని ఎవరూ అనలేరు. 2022లో మధ్య జావా పోలీసు అధిపతిగా ఉన్న అహ్మద్ లుత్ఫీ 2024 నవంబర్‌లో మధ్య జావా గవర్నర్‌గా గెలిచి, 2025 ఫిబ్రవరిలో పదవి చేపట్టారు. భూములు నిర్ణయించే ఆదేశాల మీద సంతకం పెట్టే కుర్చీ అదే.