తలలో నీరు, తెలియని వాసన: ఎమ్మారై రిపోర్టు చెప్పనిది

"మెదడు ఎమ్మారై తీయించాం కదా డాక్టరుగారూ, వాసన నరాలు బాగున్నట్టే కదా?" హైడ్రోకెఫలస్ (తలలో నీరు చేరే జబ్బు) రోగుల ఇంటివాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ కూడా ఇదే. రిపోర్టులో ఆల్ఫాక్టరీ బల్బుల (ముక్కు నుంచి వాసన సంకేతాలు అందుకునే మెదడు భాగాల) ఊసే లేదంటే, చాలాసార్లు వాటిని ఎవరూ ప్రత్యేకంగా చూడలేదనే అర్థం.

తలలో నీటి కోసం తీసే మామూలు స్కాన్‌లో స్లైసుల మందం సుమారు 5 మిల్లీమీటర్లు. వెంట్రికిల్స్ (మెదడులో నీరుండే గదులు) ఎంత ఉబ్బాయి, ఆ ఉబ్బును పుర్రె వెడల్పుతో పోల్చే ఎవాన్స్ సూచిక 0.3 దాటిందా, నీరు పారే దారి ఎక్కడైనా మూసుకుపోయిందా అన్నదే అప్పుడు మా ధ్యాస. బల్బులేమో ఫ్రాంటల్ లోబ్ (మెదడు ముందుభాగం) అడుగున, ముక్కు పైకప్పు ఎముక మీద, బియ్యపు గింజంత ఉంటాయి. పక్కనే సైనస్‌లలో గాలి ఉండటంతో అక్కడ చిత్రం చెదిరిపోవచ్చు. వాటిని కొలవాలంటే 2 మిల్లీమీటర్లో, అంతకన్నా పలుచనో ఉండే కరోనల్ టీ2 స్లైసులు (ముఖానికి సమాంతరంగా, నీరు తెల్లగా కనిపించేలా తీసేవి) ఆ చోటికే గురిపెట్టి తీయాలి. సీటీతో ఆ పని కాదు. అందుకే స్కాన్ చీటీ మీద "వాసన తెలియడం లేదు" అని తప్పక రాయించుకోండి. ఆ ఒక్క మాట చూస్తే మేం స్కాన్ తీసే పద్ధతే మారుస్తాం.

ఒక పెద్దాయనకు నార్మల్ ప్రెషర్ హైడ్రోకెఫలస్ (తలలో నీరు చేరినా ఒత్తిడి పెద్దగా పెరగని రకం). పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కమురు కంపు కొడుతున్నా ఆయన పక్కగదిలో పేపరు చదువుకుంటున్నారట. కూతురు కంగారుపడితే చుట్టాలు "తలలో నీరుంటే అంతేనమ్మా" అని సర్దిచెప్పారు. ఎవరో తేల్చేసిన ఇలాంటి మాటలు వింటే నాకు ఓపిక నశిస్తుంది. పలుచటి స్లైసుల్లో రెండు బల్బులూ కుంచించుకుపోయి, వాటి పైనున్న గైరస్ రెక్టస్ అనే మెదడు మడతలో పాత దెబ్బ మచ్చలు కనిపించాయి. గుచ్చి అడిగితే, చాలాకాలం కిందట స్నానాలగదిలో వెల్లకిలా పడ్డారని ఆ అమ్మాయికి గుర్తొచ్చింది. ఈ జబ్బులో నడక తడబడుతుంది, పడిపోతారు. తల వెనక దెబ్బ తగిలితే ముక్కు కప్పు దగ్గర సన్నని వాసన నరాలు తెగిపోవచ్చు. నీటిని నిందించి ఊరుకుంటే ఆ దెబ్బ సంగతి బయటపడేదే కాదు. వంటగ్యాసు లీకైతే పసిగట్టలేని మనిషి ఇంట్లో ఉన్నారని తెలిశాక, వాళ్లు ఆ వారమే గ్యాస్ అలారం పెట్టించారు.

మిగతావి క్లుప్తంగా. బల్బు చిన్నదిగా కనిపించినంత మాత్రాన వాసన పూర్తిగా పోయినట్టు కాదు; అది తేల్చేది వాసన చూపించి చేసే పరీక్ష. షంట్ (తలలోని అదనపు నీటిని ఒంట్లో మరోచోటికి మళ్లించే గొట్టం) వేస్తే వాసన తిరిగొస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, షంట్ వేసేది అందుకోసం కాదు. వంగినప్పుడు ఒక ముక్కురంధ్రం నుంచే నీళ్లలా కారుతుంటే జలుబని వదిలేయకండి, అది మెదడు ద్రవం కావచ్చు.

షంట్ ఉంటే ఎమ్మారై తీయకూడదన్న భయమూ అక్కర్లేదు. ఎక్కువ షంట్లతో తీయవచ్చు. ప్రోగ్రామబుల్ వాల్వ్ (నీరు ఎంత పారాలో బయటినుంచే అయస్కాంతంతో మార్చగల కవాటం) ఉంటే మాత్రం దాని కార్డు వెంట తెచ్చుకుని, స్కాన్ అయ్యాక సెట్టింగ్ మారిందేమో న్యూరోసర్జన్ చేత చూపించుకోవాలి.