దుభాషి కుర్చీలో ఎవరున్నారు?

డాక్టర్ ఎదురుగా ఒక తల్లి. నెల రోజులుగా రక్తస్రావం ఆగడం లేదని చెప్పుకోవాలి. వలస వచ్చిన దేశపు భాష ఆమెకు రాదు, బడికెళ్లే కొడుక్కి వచ్చు. వాడి ముఖంలోకి ఒకసారి చూసి, "కడుపునొప్పి అని చెప్పరా" అంటుంది. డాక్టర్ కడుపునొప్పికే మందు రాస్తాడు. వలస కుటుంబాల్లో తరాలుగా జరుగుతున్నదే ఇది. అత్యవసరమైతే తప్ప పిల్లల చేత దుభాషి పని చేయించకూడదని అమెరికా తన ఆరోగ్య చట్టం కింద స్పష్టంగా రాసుకునేసరికి 2016 వచ్చింది.

దుభాషి వృత్తికి గౌరవం లేక కాదు. నాజీ నేతలపై 1945లో మొదలైన న్యూరెంబర్గ్ విచారణలతో ఏకకాల అనువాదం, అంటే అవతలివాళ్లు మాట్లాడుతుండగానే అనువాదం, చేసేవాళ్లకు పేరొచ్చింది. 1953లో సదస్సుల దుభాషులకు అంతర్జాతీయ సంఘమే ఏర్పడింది. ఆస్పత్రిలో, పోలీస్ స్టేషన్‌లో, పిల్లల బడిలో మాత్రం కూతురో, పక్కింటావిడో వచ్చి నాలుగు మాటలు చెప్పి వెళ్లేవారు. దాన్ని పని అనలేదు, సాయం అన్నారు. సాయానికి జీతమేమిటన్న ధోరణి ఈ రంగాన్ని ఇప్పటికీ వదల్లేదు. చాలా దేశాల్లో ఈ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే, అదీ గంటల లెక్కన.

ఆస్ట్రేలియా ముందు మేల్కొంది: 1973లో ఫోన్ ద్వారా దుభాషి సేవ, 1977లో అర్హతలు తేల్చే సంస్థ.

ఆడ, మగ ప్రశ్న శరణార్థుల విచారణల దారిలో ముందుకొచ్చింది. ఎవరినైనా శరణార్థిగా గుర్తించడానికి 1951 శరణార్థి ఒప్పందం జాతి, మతం, జాతీయత, ఒక ప్రత్యేక సామాజిక సమూహానికి చెందడం, రాజకీయ అభిప్రాయం అని ఐదు కారణాలు చెప్పింది. వాటిలో లింగం లేదు. స్త్రీగా ఎదుర్కొన్న హింసను ఎలా వినాలో 1993లో కెనడా మార్గదర్శకాలు రాసింది. 2002లో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇంకో అడుగు వేసింది: మహిళా దరఖాస్తుదారులకు, వాళ్లు అడగకపోయినా, మహిళా దుభాషినే ఇవ్వాలంది. శరణార్థుల విచారణపై యూరోపియన్ యూనియన్ 2013 ఆదేశం దగ్గరికొచ్చేసరికి అది "అడిగితే, వీలైనంత వరకు" అయింది. అత్యాచారం గురించి చెప్పడానికే నోరు పెగలని మనిషి, దుభాషిని మార్చమని ఎలా అడుగుతుంది? నా దృష్టిలో ఆ నియమంలోని పెద్ద లోపం ఇదే.

ఆడమనిషిని కూర్చోబెట్టినంత మాత్రాన సరిపోదు కూడా. ఒకే భాషవాళ్లు కొద్దిమందే ఉన్న ఊళ్లో ఆ దుభాషి రేపు ప్రార్థన దగ్గరో, పెళ్లిలోనో ఎదురుపడుతుంది. విన్నది బయటికి పొక్కుతుందన్న భయంతో, ఊరూ పేరూ తెలియని మగ గొంతును ఫోన్‌లో కోరుకునే స్త్రీలూ ఉంటారు. అందుకే ఎవరు కావాలో ముందే, ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి.

ఇక భాషలోనే దాగిన చిక్కు ఒకటి. పారశీకంలో "ఊ" అంటే అతను, ఆమె కూడా. "ఊతో కలిసి ఉండేవాణ్ణి, ఇంట్లో తెలిసిపోయింది" అని ఒక యువకుడు చెబితే, ఇంగ్లీషులోకి మార్చే దుభాషి ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. అడగకుండా అలవాటుగా "ఆమె" అనేస్తే, మగవాణ్ణి ప్రేమించినందుకు ప్రాణభయంతో పారిపోయి వచ్చిన మనిషి వాంగ్మూలంలో ఒక ప్రియురాలు పుట్టుకొస్తుంది. తర్వాతి విచారణలో అధికారి ఆ కాగితం తీసి, "పోయినసారి అమ్మాయి అన్నారు కదా" అని అడుగుతాడు.