పాటలకు లైసెన్సుంది, కబురుకు లేదు: బెజవాడ ఎఫ్ఎం వెనక కథ

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వీధులు మునిగిపోయాయి. మా పిన్ని వాళ్లు కింది వాటా వదిలేసి మేడ మీదికెక్కారు. కరెంటు లేదు. ఫోన్లో చార్జింగ్ తరిగిపోతోంది, సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. మధ్యాహ్నం ఎలాగో ఒకసారి లైను కలిసింది. "ఏరా, నీళ్లు ఇంకా పెరుగుతాయా, తగ్గుతాయా? ఒక్కొక్కళ్లు ఒక్కో మాట చెబుతున్నారు" అంది. రేడియో పెట్టుకో పిన్నీ అన్నాను. "రేడియో ఎక్కడిదిరా, ఎప్పుడో పాత సామాన్లవాడికి వేసేశాంగా. ఫోన్లో ఎఫ్ఎం ఉందేమో చూడమంటే మీ తమ్ముడు లేదంటున్నాడు" అంటుండగానే లైను కట్టయింది.

ఆ వరదలోనే ప్రకాశం బ్యారేజీ గేట్ల గుండా 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. ఊరంతా టెన్షన్. పిన్ని చేతిలో రేడియో ఉందనే అనుకుందాం. ఊళ్లో ఉన్న ప్రైవేటు ఎఫ్ఎం ఆవిడ ప్రశ్నకు సొంతంగా జవాబు వెతికి చెప్పొచ్చా? రూలు ప్రకారం కుదరదు. ఈ రూలు ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ఎఫ్ఎం కంటే చాలా వెనక్కి వెళ్లాలి.

తెలుగు మాట రేడియోలో క్రమం తప్పకుండా వినిపించడం 1938 జూన్‌లో మద్రాసు కేంద్రంతో మొదలైంది. మనకంటూ సొంత కేంద్రం వచ్చింది 1948 డిసెంబరు 1న, విజయవాడలో. అప్పటికి ఆంధ్ర రాష్ట్రమే లేదు, మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. బందరు రోడ్డులో పున్నమ్మతోట అంటే ఇప్పటికీ పాతవాళ్లకు రేడియో స్టేషనే. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఇక్కడ ఉద్యోగం చేశారు. బాలాంత్రపు రజనీకాంతరావు ఇక్కడ డైరెక్టరుగా ఉన్నారు. భక్తిరంజనితో తెల్లారిన ఇళ్లు, ఉషశ్రీ చెబితే భారతం విన్న ఇళ్లు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎన్నో లెక్కలేదు. తుపాను సీజన్లో దివిసీమ నుంచి బాపట్ల దాకా తీరం చెవులన్నీ ఆ స్టేషన్ మీదే.

మీడియం వేవ్ రేడియో వాడినవాళ్లకు ఒక అలవాటుంటుంది. స్టేషన్ సరిగా రాకపోతే ముల్లు తిప్పేవాళ్లు కాదు, ఏకంగా రేడియోనే పక్కకు తిప్పేవాళ్లు. లోపల రాగితీగ చుట్టిన నల్లటి కడ్డీ ఉంటుంది, అదే ఏరియల్. స్టేషన్ ఉన్న దిక్కుకు అది అడ్డంగా ఉంటే మాట స్పష్టంగా వస్తుంది, దాని కొన ఆ దిక్కుకు తిరిగితే గరగర. మా తాతయ్య తెనాలిలో కిటికీ గూట్లో సుద్దముక్కతో గీత గీసి పెట్టాడు. రేడియో ఆ గీత మీద ఉండాలి. తుడిచేటప్పుడు ఎవరైనా కదిపితే ఇంట్లో రభసే.

ఇంట్లో రేడియో ఉండాలన్నా లైసెన్సు కావాల్సిన రోజులవి. పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి పుస్తకంలో స్టాంపులు అంటించుకోవాలి. 1980ల్లో గానీ ఆ బెడద పోలేదు. దీనికి మూలం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. తీగ మీద వెళ్లినా, గాలిలో వెళ్లినా సందేశం పంపే హక్కు సర్కారుదే అన్నది తెల్లవాళ్ల లెక్క. వాళ్లు వెళ్లిపోయినా మనవాళ్లు ఆ లెక్క మార్చలేదు.

మరి వ్యాపార ప్రకటనలు ఎలా వచ్చాయి? మనసుపడి ఎవరూ తేలేదు, పక్కింటి పోరు పడలేక తెచ్చారు. 1950ల్లో సమాచార ప్రసార మంత్రి బి.వి.కేస్కర్‌కు సినిమా పాటంటే పడదు. ఆకాశవాణిలో దాన్ని బాగా తగ్గించేశారు. వినేవాళ్లు ఊరుకుంటారా? ముల్లు రేడియో సిలోన్ వైపు తిప్పారు. 1952లో మొదలైన బినాకా గీత్‌మాలాతో అమీన్ సయానీ గొంతు దేశమంతా పాకింది. తెలుగు పాటల కోసం మనవాళ్లు మీనాక్షి పొన్నుదురై గొంతు వెతుక్కున్నారు. సరుకు మనది, పాటలు మనవి, ప్రకటనల డబ్బు మాత్రం కొలంబోకి పోయేది. ఆ వేడి తగిలాకే 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టింది. సర్కారు వేసిన అశోక్ చందా కమిటీ ప్రకటనలు పెట్టుకోవచ్చని చెప్పాక 1967 నవంబరు 1న బొంబాయి, పుణె, నాగపూర్‌లలో వాణిజ్య ప్రసారాలు మొదలయ్యాయి. తర్వాత హైదరాబాదు, విజయవాడలకూ వచ్చాయి. అంటే మన ఊళ్లో మొదటి కమర్షియల్ రేడియో ఏ కంపెనీదో కాదు, సర్కారుదే. వార్తలు ఒక వైపు, పాటలూ ప్రకటనలూ ఇంకో వైపు అన్న గీత పడింది కూడా అక్కడే అని నాకనిపిస్తుంది.

ఆ గీత చెరిపే అవకాశం 1995 ఫిబ్రవరిలో వచ్చింది. క్రికెట్ మ్యాచ్ ప్రసారాల కేసులో, గాలి తరంగాలు ప్రజల ఆస్తి, వాటి మీద ఏ ఒక్కరి గుత్తాధిపత్యమూ చెల్లదు అంది సుప్రీంకోర్టు. ఆ బెంచిలో మన తెలుగాయన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి ఉన్నారు. అలాగని ప్రైవేటు స్టేషన్ పెట్టడం వాక్ స్వాతంత్ర్యంలో భాగమని ఆయన ఒప్పుకోలేదు, డబ్బున్నవాళ్ల చేతిలో పడుతుందని హెచ్చరించారు. సర్కారు ఆ రెండింటి మధ్య తనకు వీలైన దారి ఎంచుకుంది. తరంగాలు వేలం వేద్దాం, వార్తలు మాత్రం వద్దు.

మొదటి వేలం ఘోరంగా దెబ్బతింది. 40 నగరాల్లో 108 చానెళ్లు అమ్మకానికి పెట్టారు. లైసెన్సు ఫీజు ఏటా 15 శాతం పెరుగుతుందన్నారు. ఉత్సాహంగా పాడుకున్నవాళ్లే లెక్క వేసుకుని వెనక్కి తగ్గారు. చివరికి 12 నగరాల్లో 21 చానెళ్లే మిగిలాయి. 2001 జులైలో బెంగళూరులో రేడియో సిటీ మోగినప్పుడు బెజవాడకు ఆ ఊసే లేదు.

2005లో రూలు మార్చారు. ముందు ఒకేసారి ప్రవేశ రుసుము, తర్వాత ఏటా ఆదాయంలో 4 శాతం. ఈ రెండో విడతలోనే విజయవాడకు ప్రైవేటు ఎఫ్ఎం వచ్చింది. 98.3లో రేడియో మిర్చి, 93.5లో సన్ వాళ్ల ఎస్ఎఫ్ఎం. రెండోది తర్వాత రెడ్ ఎఫ్ఎం అయింది. ఆకాశవాణి కూడా కృష్ణవేణి పేరుతో 102.2లో ఎఫ్ఎం నడుపుతోంది. విజయవాడ, గుంటూరు ముప్పై కిలోమీటర్ల దూరమే కాబట్టి ఒక ఊరి టవరు రెండు ఊళ్లకూ పనికొచ్చింది. ఆటోల్లో, సెలూన్లలో, బీసెంటు రోడ్డు బట్టల కొట్లలో పొద్దంతా అదే మోత.

వ్యాపారులకు ఇది బాగా కుదిరింది. పేపర్లో పెద్ద ప్రకటనకు చేతులాడని కొట్టువాడు కూడా పది సెకన్ల స్పాట్లు కొనుక్కోగలిగాడు. ఆషాఢం సేలు, నగల దుకాణం, ఇంటర్ కాలేజీ అడ్మిషన్లు, కొత్త వెంచరు. ఆర్‌జే బెజవాడ యాసలో జోకులేస్తాడు, బెంజి సర్కిల్ ట్రాఫిక్ చెబుతాడు. కానీ ప్రవేశ రుసుము ముందే కట్టేశారు, వార్తలు చెప్పకూడదు, పాట తక్కువ ఖర్చు. 2010లో కాపీరైట్ బోర్డు పాటల రాయల్టీని నికర ప్రకటనల ఆదాయంలో 2 శాతంగా తేల్చాక అది ఇంకా తేలికైంది. అన్ని స్టేషన్లూ ఒకేలా వినిపిస్తున్నాయని విసుక్కుంటాం. విలేకరిని పెట్టుకోనివ్వని చోట ఇంకేం వినిపిస్తుంది?

2011 నాటి మూడో విడత విధానం కాస్త సడలించింది. ఆకాశవాణి బులెటిన్‌ను అక్షరం మార్చకుండా వేసుకోవచ్చు. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు చెప్పొచ్చు. కరెంటు, నీళ్లు, ప్రకృతి విపత్తుల సంగతులు కూడా చెప్పొచ్చు, స్థానిక అధికారులు ఇస్తేనే. అసలు తిరకాసు ఈ చివరి ముక్కలోనే ఉంది. అధికారి కాగితం వచ్చేదాకా మైకు ముందున్న కుర్రాడు, తన కిటికీలోంచి నీళ్లు కనబడుతున్నా పాట వేయాల్సిందే. టీవీకి లేని, పేపరుకు లేని, ఫోన్లో ఎవడైనా తీసి పెట్టే వీడియోకి లేని ఆంక్ష ఒక్క రేడియోకే ఉంది. 2013లో కామన్ కాజ్ సంస్థ ఇదే విషయం మీద సుప్రీంకోర్టుకెక్కింది. గంటకు పది నిమిషాలు వార్తలు చెప్పనివ్వొచ్చని 2023 సెప్టెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫార్సు చేసింది. ఫోన్లలో ఎఫ్ఎం రిసీవరు పనిచేసేలా చూడాలని కూడా అందులోనే చెప్పింది. ఇది మా తమ్ముడి ఫోన్ సమస్యే. ఫోన్లో ఎఫ్ఎంకి ఇయర్‌ఫోన్ తీగే ఏరియల్. ఆ రంధ్రాన్నే కంపెనీలు తీసేస్తుంటే ఇక రేడియో ఎక్కడ?

బుడమేరు పొంగడానికి నాలుగు రోజుల ముందే, 2024 ఆగస్టు 28న, కేంద్ర క్యాబినెట్ 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్ఎం చానెళ్ల వేలానికి ఓకే చెప్పింది. నరసరావుపేట, చిలకలూరిపేట, మచిలీపట్నం, ఏలూరు ఆ జాబితాలో ఉన్నాయి. ఆ నిర్ణయంలో వార్తల ఊసు మాత్రం లేదు.

నీళ్లు తీసి, బురద కడిగి, పాడైన ఫ్రిజ్ బయట పడేశాక పిన్ని వన్‌టౌన్‌లో చిన్న బ్యాటరీ రేడియో కొనుక్కుంది. ఏ నంబరు మీద పెట్టాలో రాసిమ్మంటే క్యాలెండర్ వెనక 102.2 అని రాసిచ్చాను. మొన్న వెళ్తే దాని కింద ఇంకో రెండు నంబర్లు కనిపించాయి, ఆవిడ చేతిరాతలోనే. "98.3, 93.5. పాటలకి."