సైకిల్ హెల్మెట్: క్యాజువాల్టీలో నేను రోజూ వినే అపోహలు

తిరుపతిలో ఒక ఆసుపత్రి క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టర్‌ని. బైకు ప్రమాదాల ముందు సైకిల్ మీంచి పడి వచ్చేవాళ్లు తక్కువే. కానీ వాళ్లలో ఎక్కువమంది బడి పిల్లలు, తెల్లవారుజామున పాలు, పేపర్లు వేసేవాళ్లు.

అపోహ: "వీధి చివరి దాకే కదా సార్ పోయొచ్చేది, దానికి హెల్మెట్ ఎందుకు?"

తలకు తగిలే దెబ్బకు దూరంతో పని లేదు. సైకిల్ ఎక్కిన మనిషి తల నేలకు ఇంచుమించు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి పడితే, సైకిల్ ఆగి ఉన్నా సరే, తల గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగంతో నేలకు కొట్టుకుంటుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 1078లో సైకిల్ హెల్మెట్‌ను పరీక్షించేది కూడా సుమారు ఈ వేగంతోనే. అంటే అది తయారైందే ఇలాంటి పడటాల కోసం. లోపలి థర్మోకోల్ పొర తాను నలిగి, దెబ్బను చాలావరకు తానే తీసుకుంటుంది.

కరకంబాడి రోడ్డు వైపు నుంచి తొమ్మిదో తరగతి అబ్బాయిని తెచ్చారు. ఇంటి దగ్గరి స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరి పడ్డాడు. లేచి సైకిల్ తోసుకుంటూ ఇంటికెళ్లి అన్నం కూడా తిన్నాడు. రెండు గంటల తర్వాత వాంతులు, మత్తు. పుర్రె ఎముకకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరింది. ఆపరేషన్ చేశారు, బతికాడు. "బాగానే మాట్లాడినాడు సార్" అని వాళ్లమ్మ చెబుతూనే ఉంది. ఆమె తప్పేమీ లేదు. ఈ రకం రక్తస్రావంలో చాలామంది మొదట బాగానే మాట్లాడతారు.

అపోహ: "సైకిల్‌కూ హెల్మెట్ చట్టం తెస్తే ప్రమాదాలు తగ్గిపోతాయి."

హెల్మెట్ వేరు, చట్టం వేరు. హెల్మెట్ సంగతి తేలిపోయింది. గాయపడిన 64,000 మందికి పైగా సైక్లిస్టుల మీద జరిగిన 40 అధ్యయనాలను 2016లో కలిపి చూస్తే, హెల్మెట్ ఉన్నవాళ్లకు తలకు తీవ్ర గాయమయ్యే అవకాశం దాదాపు 69 శాతం తక్కువని తేలింది. కానీ అది ప్రమాదాన్ని ఆపదు, పడ్డాక తలను కాపాడుతుంది.

చట్టం దగ్గరే చిక్కు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1990 జూలై 1న ప్రపంచంలో అందరికన్నా ముందు దీన్ని తప్పనిసరి చేసింది. ఏడాదిలో హెల్మెట్ పెట్టేవాళ్లు 31 నుంచి 75 శాతానికి పెరిగారు, తల గాయాలు తగ్గాయి. అయితే సైకిల్ తొక్కే టీనేజి పిల్లలూ తగ్గారు. తాగి నడపడం మీద, అతివేగం మీద గట్టి చర్యలు కూడా ఆ రోజుల్లోనే మొదలయ్యాయి. అందుకే చట్టం వాటా ఎంతన్న వాదన ఇంకా తెగలేదు. నెదర్లాండ్స్‌లో మామూలుగా సైకిల్ తొక్కేవాళ్లు హెల్మెట్ పెట్టుకోవడం అరుదు. వాళ్లను కాపాడేది విడిగా వేసిన సైకిల్ దారులు.

మన మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ తప్పనిసరి అనే 129వ సెక్షన్ మోటారు సైకిళ్లకే. రేణిగుంట రోడ్డులో లారీల పక్కన తొక్కే పాలాయనకు ఫైన్ వేయడం నాకు సమ్మతం కాదు. ఆయనకు ముందు కావాల్సింది వెలుతురున్న రోడ్డు అంచు, సైకిల్ వెనక ఎర్ర లైటు. పిల్లల విషయంలో మాత్రం బడులు పట్టుబట్టాలి. హెల్మెట్ లేకుండా సైకిల్ స్టాండులోకి రానివ్వకూడదు.

అపోహ: "ఇంట్లో నాన్న బైకు హెల్మెట్ ఉందిగా."

ఏమీ లేనిదానికన్నా నయమే. కానీ అది కిలో పైనే ఉంటుంది, గాలాడదు, పిల్లల తలకు వదులు. మన ఎండలో రెండు రోజుల్లో తీసి హ్యాండిల్‌కు తగిలిస్తారు. సైకిల్ హెల్మెట్ 300 గ్రాముల లోపే దొరుకుతుంది. కనుబొమల పైన రెండు వేళ్ల ఎడం ఉండేలా పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించాలి. ఒకసారి గట్టి దెబ్బ తిన్నదాన్ని, పైకి బాగున్నా, మార్చేయండి. లోపలి పొర నలిగిపోయి ఉంటుంది.

అపోహ: "హెల్మెట్ ఉంది కాబట్టి తలకేమీ కాదు."

తగ్గుతుందే కానీ పూర్తిగా పోదు. పడిన తర్వాత ఒక రోజంతా గమనించండి. మళ్లీ మళ్లీ వాంతులు, పెరిగే తలనొప్పి, లేపినా లేవని నిద్ర, తడబడే మాట, ఫిట్స్, ముక్కు నుంచి గానీ చెవి నుంచి గానీ నీరులా కారడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. రాత్రి ఎన్ని గంటలైనా తీసుకురండి.