రో టే-వూ: తిరుగుబాటు రాత్రి నుంచి ఒలింపిక్స్ దాకా

1988 సెప్టెంబర్ 17న సియోల్ ఒలింపిక్స్‌ను లాంఛనంగా ప్రారంభించింది దక్షిణ కొరియా అధ్యక్షుడు రో టే-వూ. తొమ్మిదేళ్ల కిందట అదే నగరంలోకి సైన్యాన్ని దింపినవాళ్లలో ఆయనా ఒకరు.

డేగు దగ్గర 1932లో పుట్టిన రో, మిలిటరీ అకాడమీలో చున్ డూ-హ్వాన్‌కు క్లాస్‌మేట్. 1979 డిసెంబర్ 12 రాత్రి చున్ సైన్యంలో తిరుగుబాటు లేవదీశారు. ఉత్తర కొరియా వైపు కాపలా కాయాల్సిన 9వ డివిజన్ అప్పుడు రో చేతిలో ఉంది. ఆ బలగాలనే ఆయన రాజధానికి రప్పించారు. తర్వాతి మే నెలలో గ్వాంగ్జు నగరంలో ప్రజాస్వామ్యం కావాలన్నవాళ్లను సైన్యం కాల్చి చంపింది. రో గురించి ఏం రాసినా ఆ నెత్తుటిని దాటేసి రాయకూడదు.

1981లో ఆయన యూనిఫాం విప్పేశారు. ఆ సెప్టెంబర్‌లోనే జపాన్ నగరం నగోయాపై 52-27 ఓట్లతో గెలిచి 1988 ఒలింపిక్స్‌ను సియోల్ దక్కించుకుంది. మరుసటి ఏడాది కొత్తగా పెట్టిన క్రీడా శాఖకు రో తొలి మంత్రి, 1983లో ఒలింపిక్స్ నిర్వాహక సంఘం అధ్యక్షుడు. బలంతో గద్దెనెక్కిన పాలకులకు ప్రపంచం ముందు పరువు కావాలి, దానికి ఆటలు పనికొచ్చాయి. నగరాన్ని ముస్తాబు చేస్తున్న ఆ ఏళ్లలోనే సాంగ్యే-డాంగ్ లాంటి పేద బస్తీలు కూల్చేశారు. పి.టి. ఉష నాలుగు స్వర్ణాలు గెలిచిన 1986 ఆసియా క్రీడలు కూడా అక్కడే జరిగాయి.

అయితే ఆ ఒలింపిక్సే పాలకుల చేతులు కట్టేసింది. 1987 జనవరిలో పోలీసుల చిత్రహింసలకు పార్క్ జాంగ్-చుల్ అనే విద్యార్థి చనిపోయాడు. జూన్‌లో రోను అప్పటి అధ్యక్షుడు చున్‌కు వారసుడిగా ప్రకటించగానే లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. సైన్యాన్ని దింపితే మరో గ్వాంగ్జు అయ్యేది, ఒలింపిక్స్ చేజారిపోయేవి. జూన్ 29న రో, అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకునే ప్రత్యక్ష ఎన్నికలకు ఒప్పుకున్నారు. ఆ ఘనత ఆయనదని కొందరంటారు. నా దృష్టిలో అది వీధుల్లో లాఠీలకూ బాష్పవాయువుకూ ఎదురునిలిచిన పిల్లలది.

ప్రతిపక్షం చీలిపోవడంతో 36.6 శాతం ఓట్లకే రో అధ్యక్షుడయ్యారు. సోవియట్ యూనియన్‌తో 1990లో, చైనాతో 1992లో దౌత్య సంబంధాలు కుదిర్చారు. అది నిజంగా పెద్ద పనే. 1995లో అక్రమ నిధుల కేసులో అరెస్టయ్యారు. తిరుగుబాటు నేరం కూడా రుజువై 17 ఏళ్ల జైలుశిక్ష ఖరారైంది, 1997 చివర్లో క్షమాభిక్ష దొరికింది.

2021 అక్టోబర్ 26న ఆయన చనిపోయాక, తన తప్పులను క్షమించమని ఆయన కోరినట్టు కుటుంబం చెప్పింది. ప్రభుత్వం అధికారికంగా అంత్యక్రియలు జరిపింది. గ్వాంగ్జు నగరం మాత్రం సంతాపంగా జెండా దించలేదు.